చూడని దేశం కోసం: ప్రవాసంలో పుట్టిన టిబెట్ యువత

నవంబరు వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో రోడ్డు పక్కన వరసగా టెంట్లు లేస్తాయి. స్వెటర్లు, మఫ్లర్లు, మంకీ క్యాపులు, పిల్లల జాకెట్లు. మన జనం వాళ్ళని నేపాలీ వాళ్ళనుకుంటారు, ఆ స్వెటర్లు హిమాలయాల్లో అల్లినవనుకుంటారు. సరుకులో ఎక్కువ భాగం లూథియానా నుంచి అప్పు మీద తెచ్చుకున్నది, అమ్మేవాళ్ళేమో టిబెటన్లు. కాలేజీ సెలవుల్లో అమ్మానాన్నలకు సాయంగా వచ్చి కూర్చున్న పిల్లల్ని మీ ఊరేదని అడిగితే బైలకుప్ప అనో ముండగోడు అనో చెప్తారు, రెండూ కర్ణాటకలోవే. అది సరే, అసలు ఊరేది అని ఇంకోసారి అడిగితే టిబెట్ అంటారు. ఈ రెండో జవాబు దగ్గర కాసేపు ఆగాలి. ఆ పిల్లలు టిబెట్‌ని ఎప్పుడూ చూడలేదు. చాలామంది విషయంలో వాళ్ళ అమ్మానాన్నలు కూడా చూడలేదు. చూసిన తాతలు, అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మరి కన్నెత్తి చూడని ఊరు తమదని అంత తడుముకోకుండా ఎలా చెప్పగలుగుతున్నారు?

దీనికి మామూలుగా రెండు మాటలు వినిపిస్తాయి. అది రక్తంలో ఉంటుంది, పోదు అనేది ఒకటి. ఇంకో పదేళ్ళు ఆగండి, అందరూ మర్చిపోయి అమెరికా వెళ్ళిపోతారు అనేది రెండోది. రెండూ సరైనవి కావు. టిబెటన్ల విషయంలో ఈ బంధం వారసత్వంగా దానంతటది రాలేదు, మర్చిపోవడం కూడా దానంతటది జరగడం లేదు. అరవై ఏళ్ళుగా పనిగట్టుకుని పెంచుకున్న బంధం ఇది. పెంచింది ముఖ్యంగా మూడు: వాళ్ళ బడి, వాళ్ళ చేతిలోని శరణార్థి కాగితం, హిమాలయాల మీదుగా టిబెట్ నుంచి మనుషులు వచ్చే దారి. ఇప్పుడు ఈ మూడూ ఒకేసారి సడలిపోతున్నాయి. ఈ తరం ఎదుర్కొంటున్న అసలు సమస్య అదే.

వెనక కథ క్లుప్తంగా. 1950లో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది, 1951లో టిబెట్ చైనాలో భాగమని ఒప్పుకునే పదిహేడు అంశాల ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది. 1959 మార్చి 10న లాసా జనం దలైలామా ఉంటున్న నోర్బులింగ్కా రాజభవనం చుట్టూ చేరి తిరగబడ్డారు. మార్చి 17 రాత్రి ఆయన సైనికుడి వేషంలో బయటపడి, మార్చి 31న తవాంగ్ వైపు నుంచి మన దేశంలో అడుగుపెట్టారు. ఆయన వెనక దాదాపు 80 వేల మంది వచ్చారు. అప్పుడు అందరూ అనుకున్నది ఒకటే, ఒకటి రెండేళ్ళలో వెనక్కి వెళ్ళిపోతామని.

అలా అనుకుంటూనే హిమాలయాల్లో రోడ్లు వేసే కూలి పనికి వెళ్ళారు. అక్కడ కొండచరియలు, జబ్బులు, వేడి తట్టుకోలేని ఒళ్ళు, టెంట్ల మధ్య ఆలనాపాలనా లేకుండా పిల్లలు. 1960 మే 17న జమ్మూ రోడ్డు క్యాంపుల నుంచి జబ్బుపడి బక్కచిక్కిన 51 మంది పిల్లల్ని హిమాచల్‌లో దలైలామా స్థిరపడిన ధర్మశాలకు తెచ్చారు. దలైలామా అక్క త్సెరింగ్ డోల్మా వాళ్ళని చూసుకోవడానికి ముందుకొచ్చింది. ఆమె పోయాక 1964 నుంచి చెల్లెలు జెత్సున్ పేమా ఆ పని చేపట్టి దశాబ్దాలపాటు నడిపింది. టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అలా మొదలైంది. నెహ్రూ ప్రభుత్వం టిబెటన్ పిల్లల కోసం వేరే కేంద్రీయ పాఠశాలలు పెట్టడానికి ఒప్పుకుంది. పెద్దగా చెప్పుకోరు గానీ ప్రవాస టిబెట్ చరిత్రలో ఇంత ఫలితమిచ్చిన నిర్ణయం ఇంకొకటి లేదు. ఆ పిల్లల్ని మామూలు సర్కారు బళ్ళలో వేసి ఉంటే ఇవాళ ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు.

ఎందుకంటే 1959కి ముందు టిబెట్‌లో ఎవరినైనా నువ్వెవరు అని అడిగితే ఖంపా (ఖాం ప్రాంతం వాడు) అనో ఆమ్‌డోవా (ఆమ్‌డో ప్రాంతం వాడు) అనో, ఫలానా లోయ వాడిననో, ఫలానా మఠానికి చెందినవాడిననో చెప్పేవాడు. ఖాం వాళ్ళ మాట లాసా వాళ్ళకి సరిగ్గా అర్థమయ్యేది కాదు, ఆమ్‌డో మాట ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. ఈ మూడు ప్రాంతాల పిల్లలూ ఒకే హాస్టల్లో, ఒకే పెంపుడు అమ్మ దగ్గర, ఒకే పలుకుబడి నేర్చుకుంటూ పెరిగారు. స్వెటర్ల వ్యాపారం దీనికి ఇంకో వైపు నుంచి తోడైంది, చలికాలం నాలుగు నెలలు అమ్మానాన్నలు ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే పిల్లలు అవ్వల దగ్గరో హాస్టల్లోనో ఉండేవాళ్ళు. మార్చి 10 వస్తే ఊరేగింపు, జులై 6 వస్తే దలైలామా పుట్టినరోజు, ఫిబ్రవరిలోనో మార్చిలోనో టిబెటన్ కొత్త సంవత్సరం లోసర్ పండగ. క్లాసులో సగం మంది పేర్లు తెన్‌జిన్ అనే మొదలవుతాయి, దలైలామా పేరు తెన్‌జిన్ గ్యాత్సో కాబట్టి ఆయన పెట్టే పేర్లన్నీ అలాగే ఉంటాయి. తాతల తరంలో ప్రాంతాల వారీగా ఉన్న అభిమానం మనవల తరానికి వచ్చేసరికి ఒక దేశం మీద అభిమానంగా మారిందంటే అది చాలావరకు ఆ తరగతి గదుల్లోనే జరిగింది.

చూడని చోటుని పేరులో పెట్టుకుని మోసుకెళ్ళడం టిబెటన్లకు కొత్త కూడా కాదు. లాసా దగ్గర 1416లో కట్టిన డ్రెపుంగ్ మఠం పేరుకి వడ్ల రాశి అని అర్థం, అంటే మన అమరావతి ధాన్యకటకమే. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని అక్కడే బోధించాడని వాళ్ళ నమ్మకం. కృష్ణ ఒడ్డు నుంచి లాసాకి వెళ్ళిన ఆ పేరు 1959 తర్వాత ముండగోడులో మళ్ళీ కట్టుకున్న డ్రెపుంగ్‌తో దక్షిణాదికి తిరిగొచ్చింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు అన్ని వేల మంది టిబెటన్లు ఎందుకొచ్చారో మనలో చాలామందికి అప్పుడు తెలియలేదు.

ఇక రెండోది, కాగితం.

మన దేశం 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. కాబట్టి చట్టం లెక్కలో టిబెటన్లు శరణార్థులు కూడా కాదు, విదేశీయులు. పదహారేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, గడువు ముగిసినప్పుడల్లా రెన్యువల్ చేయించుకోవాలి, విదేశాలకు వెళ్ళాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు రంగు ఐడెంటిటీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలి. ఆ పసుపు పుస్తకం చూసి ఇదేమిటని ఇమిగ్రేషన్ అధికారి పక్కకు పిలవడం వాళ్ళలో దాదాపు ప్రతి ఒక్కరికీ తెలిసిన టెన్షన్. దీనికి తోడు ధర్మశాల నుంచి నడిచే టిబెటన్ల ప్రవాస ప్రభుత్వం ఇచ్చే గ్రీన్ బుక్ ఒకటి ఉంటుంది, చత్రెల్ అనే స్వచ్ఛంద చందా కట్టి అందులో నమోదు చేయించుకుంటారు, దాంతోనే ఓటు హక్కు. అంటే చేతిలో ఉన్న ఒక పుస్తకం నువ్వు ఇక్కడి వాడివి కావు అని చెప్తుంది, ఇంకో పుస్తకం నువ్వు ఎక్కడి వాడివో చెప్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో ఈ రెండు మాటలూ కలిసి మనిషి మీద ఎంత పనిచేస్తాయో ఊహించుకోవచ్చు.

అదే సమయంలో ఆ విదేశీయులే మన సరిహద్దు కూడా కాస్తున్నారు. 1962 యుద్ధం జరుగుతున్నప్పుడే టిబెటన్లతో ఒక రహస్య దళం పెట్టారు, ఎస్టాబ్లిష్‌మెంట్ 22 అనేది దానికి వాడుకలో ఉన్న పేరు. ఊళ్ళో ఉద్యోగం దొరకని టిబెటన్ కుర్రాళ్ళు ఇప్పటికీ అందులో చేరుతుంటారు. 2020 ఆగస్టు ఆఖర్లో లద్దాఖ్‌లో పాంగాంగ్ దగ్గర మందుపాతర పేలి ఆ దళానికి చెందిన ఒక టిబెటన్ చనిపోతే, ఆయన శవపేటిక మీద మన జెండా, టిబెట్ జెండా రెండూ కప్పారు. అప్పటిదాకా ఇలాంటి దళం ఉందని దేశంలో చాలామందికి తెలియదు.

పౌరసత్వం మాట తీస్తే టిబెటన్ ఇళ్ళలో ఇప్పటికీ వాదనలు పెరుగుతాయి. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. కానీ దశాబ్దాలపాటు టిబెటన్లకు ఇది వర్తిస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆఫీసులూ ఒప్పుకోలేదు. 1986లో కాంగ్రాలో పుట్టిన నంగ్యాల్ డోల్కర్ పాస్‌పోర్టు కోసం కోర్టుకెక్కితే 2010లో ఢిల్లీ హైకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. 2016లో అదే హైకోర్టు ఇంకో కేసులో మరింత గట్టిగా చెప్పాక, 2017లో విదేశాంగ శాఖ దిగివచ్చింది గానీ షరతులు పెట్టింది: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వదులుకోవాలి, టిబెటన్ సెటిల్‌మెంట్లో ఉండకూడదు, ప్రవాస ప్రభుత్వం నుంచి ఏ సాయమూ తీసుకోకూడదు. అంటే పాస్‌పోర్టు కావాలంటే పుట్టి పెరిగిన ఇల్లు వదులుకోవాలి. 1987 తర్వాత పుట్టినవాళ్ళకైతే తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే తప్ప ఆ దారి కూడా లేదు.

పౌరసత్వం తీసుకుంటే పోరాటాన్ని వదిలేసినట్టే అనే భావన పెద్దల్లో బలంగా ఉంది. శరణార్థిగా ఉండటమే మనం తిరిగి వెళ్తామనడానికి సాక్ష్యం, అది వదిలేస్తే ఇక ఏం మిగిలింది అని వాళ్ళ బాధ. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు, ఒక తరం మొత్తం ఆ ఆశ మీదే బతికింది. కానీ ఆ వాదన నిలబడదు. కెనడా పౌరసత్వం వచ్చినవాడికి ఊరంతా ఖతా (గౌరవంగా మెడలో వేసే తెల్ల కండువా) వేసి అభినందనలు చెప్పి, భారత పౌరసత్వం తీసుకున్నవాడిని అనుమానంగా చూడటంలో న్యాయం ఏముంది? అసలు జవాబు నంగ్యాల్ డోల్కర్ జీవితంలోనే ఉంది. కోర్టులో గెలిచి భారత పౌరురాలైన ఆమె ఆ తర్వాత ధర్మశాలలో ప్రవాస పార్లమెంటు సభ్యురాలైంది. నేపాల్లో పుట్టి కెనడాకి వెళ్ళిన భుతిలా కర్పోచే 2018లో ఒంటారియో శాసనసభకు ఎన్నికైంది, ఉత్తర అమెరికాలో ప్రజలెన్నుకున్న పదవికి చేరిన మొదటి టిబెటన్ ఆమే. చేతిలో గట్టి కాగితం ఉన్నవాళ్ళు పోరాటానికి దూరమవుతారని ఎక్కడా రుజువు కాలేదు. కాగితం లేనివాళ్ళకి మాత్రం ఊరేగింపులో నడవడమే ప్రమాదం. 2019 అక్టోబరులో షీ జిన్‌పింగ్ మామల్లపురం వచ్చే ముందు చెన్నైలో టిబెటన్ విద్యార్థులను పోలీసులు ముందే అదుపులోకి తీసుకున్నారు. విదేశీయుడిగా నమోదైన విద్యార్థికి ఒక కేసు పడితే రెన్యువల్ సంగతేంటి, విదేశీ చదువు సంగతేంటి అన్న భయం మనవాళ్ళకి ఉండే భయం కన్నా చాలా పెద్దది. అయినా వెళ్తారు.

ఆ వెళ్ళేవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు తెన్‌జిన్ త్సుండ్యూ. రోడ్డు కూలీల కొడుకు, కవి, టిబెట్‌కి స్వాతంత్ర్యం వచ్చేదాకా తీయనని నుదుటికి ఎర్ర గుడ్డ కట్టుకున్నవాడు. 2002లో చైనా ప్రధాని ముంబయిలో ఉంటే ఆయన బస చేసిన హోటల్‌కి కట్టిన పరంజా మీదుగా పైకి ఎగబాకి టిబెట్ జెండా ఎగరేశాడు. 2005లో ఇంకో చైనా ప్రధాని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వస్తే అక్కడి టవర్ మీద నిలబడ్డాడు. ఇప్పుడు నలభైలు దాటిన టిబెటన్లని మీకు రాజకీయాలు ఎప్పుడు ఒంటబట్టాయని అడిగితే ఆ ఫొటోల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు.

మూడోది దారి. దీని గురించి బయట తక్కువ మాట్లాడుకుంటారు గానీ మిగతా రెండింటికన్నా దీని బరువే ఎక్కువ కావచ్చు. 2008 దాకా ఏటా రెండు మూడు వేల మంది హిమాలయాలు దాటి నేపాల్ మీదుగా ధర్మశాల చేరేవాళ్ళు. వాళ్ళలో పిల్లలు చాలామంది ఉండేవాళ్ళు. అక్కడ టిబెటన్ చదువు లేదని తల్లిదండ్రులు కడుపు కట్టుకుని, గైడుకి డబ్బులిచ్చి, మళ్ళీ చూస్తామో లేదో తెలియకుండానే ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని మంచులోకి పంపేవాళ్ళు. 2006 సెప్టెంబరు 30న నాంగ్‌పా లా కనుమ దగ్గర అలా నడుస్తున్న వాళ్ళ మీద చైనా సరిహద్దు బలగాలు కాల్పులు జరిపితే 17 ఏళ్ళ సన్యాసిని కెల్సంగ్ నంత్సో మంచులోనే చనిపోయింది. పక్కనే శిఖరం ఎక్కడానికొచ్చిన విదేశీయులు కళ్ళారా చూశారు, ఒకరు వీడియో తీశారు కాబట్టి లోకానికి తెలిసింది.

అలా కొత్తగా వచ్చినవాళ్ళని సార్జోర్ అంటారు. ఇక్కడ పుట్టినవాళ్ళకీ వాళ్ళకీ మొదట్లో పొసిగేది కాదు. వాళ్ళ మాటల్లో చైనీస్ ముక్కలు దొర్లితే వీళ్ళు నవ్వేవాళ్ళు, వీళ్ళ మాటల్లో హిందీ దొర్లితే ఇదేం టిబెటన్ అని వాళ్ళు ముఖం చిట్లించేవాళ్ళు. కానీ పక్క మంచం మీద పడుకున్న క్లాస్‌మేట్ అమ్మ ఇప్పుడు టిబెట్‌లో ఉందని తెలిశాక ఆ దేశం పాఠంలో ఉన్న పేరుగా మిగలదు. కొత్త పాటలు, కొత్త తిట్లు, ఏ మఠంలో ఎవరిని పట్టుకెళ్ళారో, ఏ ఊళ్ళో పశువుల కాపరుల్ని మైదానాల నుంచి తరలించి కాలనీల్లో పెట్టారో, ఇవన్నీ వాళ్ళతోనే వచ్చేవి. 2008 మార్చిలో టిబెట్ అంతటా నిరసనలు లేచాక చైనా సరిహద్దుని బిగించేసింది. వేలల్లో వచ్చేవాళ్ళు కొన్నేళ్ళకి వందలయ్యారు, ఇప్పుడు ఏడాది మొత్తంలో వచ్చేవాళ్ళు పదుల్లోనే. ధర్మశాలలో వాళ్ళకోసం కట్టిన రిసెప్షన్ సెంటర్ దాదాపు ఖాళీ.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఫోను ఆ లోటు తీర్చింది. వీచాట్ అనే చైనా మెసేజింగ్ యాప్ వచ్చాక అమ్మ గొంతు రోజూ వినిపించేది, దాని మీద నిఘా ఉందని తెలిసినా. రాజకీయం మాట్లాడరు, దలైలామా పేరెత్తరు, ఆరోగ్యం బాగుందా, వాన పడిందా, యాక్ ఈనిందా, అంతే. 2020 జూన్ 29న మన ప్రభుత్వం వీచాట్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు దేశమంతా టిక్‌టాక్ పోయిందని మాట్లాడుకుంది. టిబెటన్ సెటిల్‌మెంట్లలో మాత్రం వేల ఇళ్ళల్లో అమ్మ గొంతు ఆగిపోయింది.

ఈ మూడూ కలిసి తయారుచేసిన యువతరం ఏం కోరుకుంటోంది అన్నది ఇంకో చిక్కు. 1970 అక్టోబరులో మొదలైన టిబెటన్ యూత్ కాంగ్రెస్ లక్ష్యం రంగ్‌జెన్, అంటే సంపూర్ణ స్వాతంత్ర్యం. దలైలామా 1988లో స్ట్రాస్‌బర్గ్‌లో చెప్పింది ఉమేలం, మధ్యేమార్గం: చైనాలో భాగంగానే ఉంటాం, నిజమైన స్వయంపాలన ఇవ్వండి. ప్రవాస ప్రభుత్వం విధానం కూడా ఇదే. 2002 నుంచి 2010 దాకా ఆయన ప్రతినిధులు చైనాతో తొమ్మిది విడతలు చర్చలు జరిపారు, ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఇరవై ఏళ్ళ పిల్లకి బుర్ర రంగ్‌జెన్ వైపు లాగుతుంది. కానీ ఆ మాట గట్టిగా అంటే దలైలామా మాట కాదన్నట్టవుతుందేమో అని మనసు పీకుతుంది. ఇంట్లో అవ్వకి ఆయన సాక్షాత్తు చెన్‌రెజిగ్, అవలోకితేశ్వరుడు. రాజకీయ భేదాభిప్రాయం ఇంట్లో భక్తి లోపంగా కనిపించే సమాజంలో యువకుడు నోరు విప్పడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 2011లో దలైలామా తన రాజకీయ అధికారాన్ని పూర్తిగా వదులుకుని ఎన్నికైన నాయకుడికి అప్పగించింది ఇందుకు కూడా. ఆయన చేతులారా తెరిచిన ఆ తలుపులోంచి ఆయన జనం ఇంకా జంకుతూనే నడుస్తున్నారు.

ఏమీ కదలని ఆ స్థితిలో కొందరు తమ ఒంటినే ఆహుతి చేసుకున్నారు. 1998లో ఢిల్లీలో ఆమరణ నిరాహార దీక్షను పోలీసులు భగ్నం చేస్తుండగా థుప్టెన్ న్గోడుప్, 2012 మార్చిలో అప్పటి చైనా అధ్యక్షుడు హు జింటావో ఢిల్లీ వచ్చే ముందు 27 ఏళ్ళ జంఫెల్ యేషి. టిబెట్ లోపల 2009 నుంచి 150 మందికి పైగా. అంతమందిలో ఎవరూ వేరొకరి మీద చెయ్యెత్తలేదు. ధర్మశాలలో ఒక్కో కబురు వచ్చినప్పుడల్లా కొవ్వొత్తులు పట్టుకుని నడిచిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళు దాటినవాళ్ళు. ఆ మరణాలు ఇంకెవరికీ దారి కాకూడదు. కానీ వాటిని లెక్కలోకి తీసుకోకుండా ఈ తరం మనసుని అర్థం చేసుకోలేం.

ఇక ఇప్పటి సంగతి. 2009లో ప్రవాస ప్రభుత్వం చేసిన జనాభా లెక్కలో టిబెట్ బయట ఉన్న టిబెటన్లు 1,27,935 మంది, అందులో మన దేశంలో 94,203 మంది. ఇప్పుడు మన దేశంలో ఉన్నవాళ్ళు 70 వేలకు కాస్త అటూ ఇటూ. మిగిలినవాళ్ళు న్యూయార్క్ క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్, టొరంటోలో పార్క్‌డేల్, మినెసొటా, స్విట్జర్లాండ్, పారిస్ దారి పట్టారు. 1960 చివర్లో అప్పటి మైసూరు ప్రభుత్వం ఇచ్చిన 3 వేల ఎకరాల అడవిని ఏనుగులతో వేగుతూ చదును చేసుకుని మొక్కజొన్న పండించుకున్న బైలకుప్పలో ఇప్పుడు చాలా పొలాలు చుట్టుపక్కల కన్నడ రైతులకి కౌలుకిచ్చినవే. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మిగిలారు. పిల్లలు తగ్గి బళ్ళని కలిపేస్తున్నారు. మఠాల్లో టిబెటన్ పిల్లల బదులు లద్దాఖ్, అరుణాచల్, నేపాల్ కొండల పిల్లలు చేరుతున్నారు. వెళ్ళేవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. డిగ్రీ ఉంది, సర్కారు ఉద్యోగం రాదు, భూమి సొంతం కాదు, బెంగళూరు కాల్ సెంటర్లో ఎన్నాళ్ళని ఉంటారు?

ఇక్కడ తెలుగువాళ్ళకి వెంటనే మన అమెరికా పిల్లలు గుర్తొస్తారు. పోలిక కొంతవరకే. డల్లాస్‌లో పెరిగిన తెలుగు పిల్ల ఆదివారం బడిలో అఆలు నేర్చుకోకపోయినా గుంటూరులో, వరంగల్లో తెలుగు బతికే ఉంటుంది, వేసవి సెలవులకి టికెట్ కొంటే అమ్మమ్మ ఊరు ఉంటుంది. క్వీన్స్‌లో పెరిగిన టిబెటన్ పిల్లకి ఆ టికెట్ లేదు. పైగా ఆ ఊళ్ళో భాష క్షేమంగా ఉందన్న ధైర్యమూ లేదు. దాదాపు పది లక్షల మంది టిబెటన్ పిల్లలు ఇళ్ళకి దూరంగా, ప్రధానంగా చైనీస్‌లో బోధించే ప్రభుత్వ బోర్డింగ్ బళ్ళ ప్రభావంలో ఉన్నారని 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి నిపుణులే ఆందోళన చెప్పారు. యుషు ఊళ్ళో చిన్న కొట్టు నడుపుకునే తాషి వాంగ్‌చుక్, మా పిల్లలకి మా భాష నేర్పండి అని ఒక విదేశీ పత్రిక వీడియోలో మాట్లాడినందుకు 2016 జనవరిలో అరెస్టయి ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. చైనా రాజ్యాంగంలో ఉన్న హక్కునే ఆయన అడిగాడు.

అందుకే ఈ తరం చేస్తున్న వాటిల్లో పైకి అతి చిన్నదిగా కనిపించే పని అన్నిటికన్నా ముఖ్యమైనది. ల్హకార్ అంటే తెల్ల బుధవారం. 2008 తర్వాత టిబెట్ లోపలే మొదలైంది. బుధవారం దలైలామాకి కలిసొచ్చే రోజని నమ్మకం. ఆ రోజు స్వచ్ఛమైన టిబెటన్ మాట్లాడాలి, చుపా అనే సంప్రదాయ దుస్తులు వేసుకోవాలి, త్సంపా అనే వేయించిన బార్లీ పిండి తినాలి, వీలైతే టిబెటన్ కొట్లోనే సరుకులు కొనాలి. ఇంట్లో భాష మాట్లాడినందుకు, బట్ట కట్టినందుకు ఎవరినైనా పట్టుకెళ్ళడం కష్టం. అణచివేతలో నలిగిన జనం కనిపెట్టిన ఈ పద్ధతిని బయట ఉన్న యువత అందుకుంది. ధర్మశాలలో, టొరంటోలో, న్యూయార్క్‌లో బుధవారం సాయంత్రాలు పార్కుల్లో వలయంగా నిలబడి గోర్షే అనే నృత్యం ఆడతారు. సరిహద్దు మూసేశాక లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఒకే రోజు ఒకే పని చేయగలిగిన దారి ఇదొక్కటే మిగిలింది, పోరాటం పేరుతో జరిగే చాలా పెద్ద సభలకన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

బహిరంగ పోరాటం కూడా రూపు మార్చుకుంది. 2019లో టొరంటో విశ్వవిద్యాలయం స్కార్‌బరో క్యాంపస్‌లో చెమి ల్హామో విద్యార్థి సంఘం అధ్యక్షురాలిగా గెలిస్తే వేల కొద్దీ బూతు సందేశాలు, చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. టిబెట్ నుంచి పది వేల కిలోమీటర్ల దూరంలో కాలేజీ ఎన్నికలో గెలిచినందుకు ఇది. ఆమె తగ్గలేదు. 2021 అక్టోబరులో బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ జ్యోతి వెలిగించే ముందురోజు ఏథెన్స్ అక్రోపోలిస్ మీద 18 ఏళ్ళ టిబెటన్ అమెరికన్ అమ్మాయి హాంకాంగ్ అమ్మాయితో కలిసి జెండా పట్టుకుని అరెస్టయింది, మర్నాడు ఒలింపియాలో చెమి ల్హామో అరెస్టయింది. ఇందులో కొత్త సంగతి ఆ పక్కనున్న హాంకాంగ్ అమ్మాయి. తాతల తరం ధర్మం పోతోందని మొరపెట్టుకుంది, మనవరాళ్ళ తరం షిన్‌జియాంగ్‌లోని వీగర్ ముస్లింలతో, హాంకాంగ్ వాళ్ళతో కలిసి ఒకే పాలన కింద నలిగిన జనాలుగా మాట్లాడుతోంది. నడిపిస్తున్నవాళ్ళలో అమ్మాయిలు ఇంతమంది ఉండటం కూడా పాత టిబెట్‌లో ఊహకందని విషయం.

అన్నిటికీ మీదుగా ఒక సంగతి ఉంది, ఎవరూ ఇష్టంగా మాట్లాడరు. 2025 జులై 6కి దలైలామాకి 90 ఏళ్ళు నిండాయి. దానికి నాలుగు రోజుల ముందు ఆయన, దలైలామా వ్యవస్థ తన తర్వాత కూడా కొనసాగుతుందని, తర్వాతి దలైలామాని గుర్తించే అధికారం తన గాదెన్ ఫోడ్రాంగ్ ట్రస్టుకే ఉందని స్పష్టం చేశారు. చైనా మాత్రం బంగారు కలశంలో చీటీ తీసి తానే తేలుస్తానంటోంది. 1995 మే నెలలో దలైలామా తన తర్వాతి స్థాయి మతగురువైన పంచెన్ లామాగా గుర్తించిన ఆరేళ్ళ పిల్లవాడిని మూడు రోజుల్లోనే పట్టుకెళ్ళింది, ఇప్పటిదాకా ఆయన ఎక్కడున్నాడో బయటి లోకానికి చూపించలేదు. అంటే ఇద్దరు దలైలామాలు ఉండే రోజు రావచ్చు, ఒకరిని చైనా నిలబెడుతుంది, ఇంకొకరు ప్రవాసంలో దొరుకుతారు.

ఆ దొరికేది పసిపిల్లవాడో పసిపిల్లో అయ్యే అవకాశమే ఎక్కువ. పదమూడో దలైలామా 1933లో పోయారు, ఇప్పటి దలైలామా 1935లో పుట్టారు, పగ్గాలు చేపట్టింది 1950లో, పదిహేనేళ్ళ వయసులో. మధ్యలో పదిహేడేళ్ళు టిబెట్‌ని రీజెంట్లు, అంటే దలైలామా పెద్దయ్యేదాకా ఆయన బదులు పాలించేవాళ్ళు, నడిపారు, ఒకరితో ఒకరు తగువులాడుకున్నారు, 1947లో మాజీ రీజెంట్ రెటింగ్ జైల్లోనే చనిపోయేదాకా వెళ్ళింది అది. ప్రపంచ పటం మళ్ళీ గీస్తున్న ఆ సంవత్సరాల్లో తమ దేశానికి గుర్తింపు సంపాదించుకోవాల్సిన సమయం అలా పోయింది. రాబోయే అలాంటి విరామంలో లాసా పెద్ద కుటుంబాలు ఉండవు, రీజెంటూ ఉండడు. ఓట్లతో ఎన్నికైన నాయకుడు ఒకరు, 45 మంది సభ్యులున్న పార్లమెంటు ఒకటి, ఐదారు దేశాల్లో చెదిరిపోయిన జనం ఉంటారు. బైలకుప్పలో, ధర్మశాలలో, క్వీన్స్‌లో, పార్క్‌డేల్‌లో ఇవాళ ఇంటర్ వయసులో ఉన్న తెన్‌జిన్‌లే అప్పుడు ఆ ఓట్లు వేసేవాళ్ళు, ఆ పార్లమెంటులో కూర్చునేవాళ్ళు, ఆ పసివాడికి టిబెటన్ అక్షరాలు దిద్దించేవాళ్ళు.